చివరి పేజీ బొమ్మలు

గేటు రిజిస్టర్, ఇనుప పలక, లారీ వెనక దుమ్ము… పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఖాళీ దొరికిన చోటల్లా ఒక గీత, ఒక మజాక్

ఫ్యాక్టరీ గేటు దగ్గరుండే రిజిస్టర్‌ను ముందు నుంచి తెరిస్తే లారీ నంబర్లు, వచ్చిన టైము, పోయిన టైము, డ్రైవర్ సంతకం కనిపిస్తాయి. వెనక నుంచి తెరిచి చూడండి. ఒక నెమలి ఉంటుంది. దాని పక్కన ఎవరిదో ఫోన్ నంబరు, నంబరు చుట్టూ తీగలు, తీగలకు ఆకులు. ఇంకాస్త కిందికి వస్తే మీసాల మొహం ఒకటి. పేరు రాసి ఉండదు. అయినా ఆ గేటులో పనిచేసే ఎవరిని అడిగినా ముందు నవ్వి, తర్వాత అటూ ఇటూ చూసి, ‘మా సూపర్‌వైజరే’ అంటారు. చేతిలో పెన్ను ఉండి, రాయడానికి లారీ రాని వేళల్లో సెక్యూరిటీ గార్డు గీసినవి ఇవన్నీ.

కర్దనూర్ చుట్టుపక్కల ఇలాంటి చివరి పేజీలకు కొదవ లేదు. పటాన్‌చెరు మండలంలోని ఈ ఊరికి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. భానూరులో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాలు చేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పాశమైలారం వైపు మందుల కంపెనీలు. వీటన్నిటి నడుమ, 1972లో మొదలై జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ పొలాలు. ఈ కంపెనీల్లో ఏ రోజు ఎంత సరుకు తయారైందో లెక్క ఉంటుంది. ఎంతమంది ఎంతసేపు ఊరికే ఎదురుచూశారో మాత్రం ఎవరూ లెక్క రాయరు. లారీ కాంటా కోసం ఆగుతుంది. హమాలీలు లారీ కోసం ఆగుతారు. హమాలీల కోసం లోడు సరిచూసే గుమాస్తా, గేట్‌పాస్ మీద సంతకం పెట్టాల్సిన సారు భోజనం ముగించి రావడం కోసం మళ్ళీ ఆ గుమాస్తా. బీ షిఫ్టు వాళ్ళను దింపిన బస్సు ఏ షిఫ్టు వాళ్ళు పంచింగ్ చేసి వచ్చేదాకా కదలదు.

ఈ సందుల్లో చెయ్యి ఊరుకోదు. నోరూ ఊరుకోదు.

ఫ్యాబ్రికేషన్ షెడ్డులో కొలతలు గుర్తు పెట్టడానికి సుద్దముక్క వాడతారు. కోయాల్సిన గీత పక్కనే ఒక్కోసారి పిల్లి ఒకటి కూర్చుని ఉంటుంది. గ్యాస్ కటింగ్‌లో తోక పోయినా మూతి నిలుపుకున్న పిల్లులున్నాయి. ప్రైమర్ పడ్డాక మాత్రం పిల్లీ లేదు, కొలతా లేదు, అంతా ఎర్రమట్టి రంగే. ఇది కొత్త అలవాటేమీ కాదు. దక్కన్‌లో పాత గుళ్ళ మండపాలకు వెళ్ళినప్పుడు స్తంభాల మీది నుంచి కళ్ళు దించి నేల చూడండి. బండల మీద పులి–మేక ఆట గళ్ళు గీకి ఉంటాయి. స్తంభం మీదిది శిల్పి పని, దానికి కూలి ముట్టింది. కాళ్ళ కింది గళ్ళు ఎవరో పొద్దుపోని వాళ్ళవి. రెండూ ఒకే రాయి మీద నిలిచాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పిచ్చిగీతల్ని ఆకాశానికెత్తడం ఇప్పుడో ఫ్యాషన్. గీయండి, ఒత్తిడి తగ్గుతుంది, బుర్ర పదునెక్కుతుంది అని పుస్తకాలు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రతి చివరి పేజీలోనూ ఒక బాపు దాగున్నాడని నేను అననుగాక అనను. చాలా పిచ్చిగీతలు పిచ్చిగీతలే, చాలా జోకులు చాయ్ చల్లారేలోపు చచ్చేవే. గీసినంత మాత్రాన ఏమీ కాదు. గీసినదాన్ని గీసినవాడే రెండోసారి చూసినప్పుడు అసలు కథ మొదలవుతుంది.

కొట్టివేతల్లోంచి వచ్చిన పక్షులు

రవీంద్రనాథ్ ఠాగూర్ చిత్రకారుడైన తీరు ఇదే. కవిత రాస్తూ నచ్చని పదాలు కొట్టేసేవాడు. ఆ కొట్టివేతలు అక్కడక్కడా నల్లటి మచ్చలుగా మిగలడం ఆయనకు నచ్చలేదు. ఒక మచ్చను ఇంకో మచ్చతో గీతలతో కలిపాడు. కలిపేసరికి ముక్కు మొలిచింది, రెక్క మొలిచింది, ఏ జంతువో తెలియని జంతువు పేజీ మీద నిలబడింది. 1924లో పెరూ వెళ్తూ జబ్బుపడి అర్జెంటీనాలో ఆగినప్పుడు ఆయన చేతిలో ‘పూరబి’ కవితల రాతప్రతి ఉంది. ఆతిథ్యమిచ్చిన రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆ పేజీలు చూసి, కవితల సంగతి అలా ఉంచి, ఈ బొమ్మల దగ్గర ఆగిపోయింది. 1930 మేలో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టించిందీ ఆమే. అప్పటికి ఆయన డెబ్బయికి దగ్గరపడ్డాడు. పోయేనాటికి రెండు వేలకు పైగా బొమ్మలు వేశాడు. అవన్నీ తప్పులు కొట్టేసిన చోట మొదలైనవే అనుకుంటే బడిపిల్లల నోటుబుక్కుల మీద మనకున్న కోపం కొంత తగ్గాలి.

ఇంకో ఉదాహరణ కళాకారులది కాదు, లెక్కల మనిషిది. స్టానిస్లా ఉలామ్ అణుబాంబు పరిశోధనలో పనిచేసిన గణితవేత్త. 1963లో ఒక సభలో చాలా పొడుగ్గా, చాలా విసుగ్గా సాగుతున్న పత్ర సమర్పణ వింటూ కాగితం మీద గళ్ళు గీసుకున్నాడు. నడుమ గడిలో ఒకటి వేసి, చుట్టూ సుడి తిరుగుతున్నట్టు రెండు, మూడు, నాలుగు అంటూ అంకెలు పేర్చాడు. ఇక తోచక ప్రధాన సంఖ్యల చుట్టూ సున్నాలు చుట్టాడు. ఎక్కడపడితే అక్కడ పడాల్సిన ఆ సంఖ్యలు ఏటవాలు గీతల మీదికి వచ్చి వరస కడుతున్నాయి. ఆయన కాగితం నలిపి పారేయలేదు. లాస్ అలమోస్‌కు తిరిగివెళ్ళి కంప్యూటర్ మీద అరవై అయిదు వేల దాకా అంకెలు వేయించి చూశాడు. వరసలు పోలేదు. 1964 మార్చిలో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రిక ముఖచిత్రం ఆ పిచ్చిగీతే. ఆ సభలో మాట్లాడిన పెద్దమనిషి ఏం చెప్పాడో ఎవరికీ పట్టలేదు పాపం.

శాస్త్రం ఏమంటుందని అడిగేవాళ్ళ కోసం: ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 40 మందికి రెండున్నర నిమిషాల చప్పటి టెలిఫోన్ సందేశం వినిపించింది. ఒక పార్టీకి ఎవరెవరొస్తారో రాసుకోవడం వాళ్ళ పని. సగం మందికి కాగితం మీది బొమ్మల్లో పెన్సిల్‌తో రంగు నింపే పనీ అప్పజెప్పింది. తర్వాత, ముందు చెప్పకుండా జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, రంగు నింపినవాళ్ళకు 29 శాతం ఎక్కువ వివరాలు గుర్తున్నాయి. 2009లో అచ్చయిన ఈ ప్రయోగాన్ని పిచ్చిగీతల మీద రాసే ప్రతివాళ్ళూ వాడుకుంటారు. అయితే ఆ జనం గీసింది తమ ఇష్టం వచ్చిన గీతలు కాదు, అచ్చేసి ఇచ్చిన గళ్ళు నింపారంతే. నెమలి గీయడం వేరు, ఎవరో ఇచ్చిన నెమలికి పెన్సిల్ రుద్దడం వేరు. కాబట్టి మీటింగులో గీతలు గీస్తూ సారుకు దొరికిపోయినవాళ్ళు ఈ 29 శాతాన్ని అడ్డం పెట్టుకోవచ్చు కానీ, మరీ గట్టిగా వాదించకండి.

మూడో నోట పండిన జోకు

గీత కాగితం మీద ఉండిపోతుంది కనుక మళ్ళీ చూడొచ్చు. మరి మాట? చాయ్ హోటల్లో పుట్టిన మజాక్‌ను రెండోసారి చూసేదెవరు?

పక్కవాళ్ళే. ఒక నమూనా చెప్తాను. కొత్తగా డ్యూటీలో చేరిన కుర్రాడు గొప్పగా అంటాడు: “రింగ్ రోడ్డు మీదికెళ్ళి పోతే ఎయిర్‌పోర్ట్ ఎంత దూరం కాకా, ఇట్ల పోవుడు అట్ల వచ్చుడు.” బీడీ కాలుస్తున్న పెద్దాయన తల ఎత్తకుండా, “అవ్ తమ్మీ, రింగ్ రోడ్డు మీదికి ఎక్కనీకే గంట” అంటాడు. ఒక మోస్తరు నవ్వు. అదే ముచ్చట సాయంత్రం షిఫ్టు చేతిలో పడేసరికి మూడో మనిషి అందుకుంటాడు: “ఎయిర్‌పోర్టుకు ఏం పోతవ్ రా, ఆడికి పొయ్యే టికెట్ సంగతి తర్వాత, ఇంటికి పోనీకి నీ గేట్‌పాస్ మీద సంతకమే కాలే!” ఇప్పుడు హోటలంతా నవ్వుతుంది. మొదటి మాటలో గొప్ప ఉంది, రెండో మాటలో ట్రాఫిక్ ఉంది, మూడో మాటలోకి వాళ్ళ బతుకు వచ్చి కూర్చుంది. కథకుడు ఒంటరిగా టేబుల్ ముందు మూడుసార్లు తిరగరాసి చేసే పనిని ఇక్కడ ముగ్గురు పంచుకున్నారు. పత్రికాఫీసులో ఎడిటర్ కొట్టేసినట్టే పండని వాక్యాన్ని ఇక్కడ మౌనం కొట్టేస్తుంది, జీతం లేకుండా.

మునిమాణిక్యం నరసింహారావు గారు బడిపంతులు. ఆయన కాంతం కథల్లో దొంగల్లేరు, దయ్యాల్లేరు, ఇల్లూ ఇల్లాలూ వాళ్ళ చిన్న చిన్న కీచులాటలే. రోజూ అందరిళ్ళలో జరిగి మరుక్షణం మరిచిపోయే మాటల్ని ఆయన మరిచిపోలేదు, అంతే తేడా. హాస్యం మీద ‘మన హాస్యం’ అని విడిగా పుస్తకమే రాశారు. మన కాలంలో, మన పక్కన చూస్తే, చేవెళ్ల మండలం పామెన నుంచి వచ్చిన రవి టీవీలో బిత్తిరి సత్తి అయ్యాడు. జగిత్యాల వైపు లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’లోకి యాభై దాటిన గంగవ్వ వచ్చి, ఇంట్లో ఎట్ల మాట్లాడుతుందో కెమెరా ముందూ అట్లనే మాట్లాడింది. 2020లో బిగ్‌బాస్ ఇంటికీ అదే యాసతో పోయింది. సినిమాలు చాలాకాలం పాటు రౌడీలకూ పనివాళ్ళకూ మాత్రమే ఇచ్చిన భాష ఇది. ఈ నవ్వు కొత్తగా కనిపెట్టింది కాదు, ఊర్లో అరుగుల మీద ఎప్పటి నుంచో ఉన్నదే. ఎవరో ఒకరు ‘ఆగు, మళ్ళొకసారి అను’ అన్నారు.

కర్దనూర్ వైపు చాయ్ హోటల్లో ఒక చిక్కు ఉంది. బల్ల చుట్టూ కూర్చున్న ఆరుగురిలో ఇద్దరిది ఒడిశా, ఒకరిది బీహార్. తెలుగు జోకు హిందీలోకి మారేసరికి సగం చస్తుంది. బొమ్మకు ఆ బాధ లేదు. సుద్దముక్కతో రేకు మీద గీసిన సూపర్‌వైజర్ పొట్ట ఏ రాష్ట్రం వాడికైనా అర్థమవుతుంది. మద్రాసులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూనే వేల కార్టూన్లు గీసిన జయదేవ్, మాటల్లేని కార్టూన్లతోనే దేశాలు దాటారు. చెప్పడానికి భాష చాలని చోట మనిషి బొమ్మకు దిగుతాడు. వలస కూలీల గదుల గోడల మీద బొగ్గుతో గీసినవి చూసినప్పుడల్లా నాకిది నిజమేననిపిస్తుంది.

ఇక్కడి నవ్వు అంతా తియ్యటిదీ కాదు. ఫ్యాక్టరీల మురుగు కలిసే నక్కవాగు గురించి ఈ ప్రాంతంలో పరాచికాలకు లోటు లేదు. వాగు రంగు చూసి ఇయ్యాల ఏ కంపెనీకి డ్యూటీ ఉందో చెప్పొచ్చు అనే తరహావి. వినగానే నవ్వొస్తుంది, ఆ వెంటనే రాదు. ఆ జోకుల వల్ల వాగు బాగుపడలేదు. జనం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళబట్టి ఏదో ఒక కదలిక వచ్చింది. మొన్నమొన్నటి మాటలా ఉంది, 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఇలాంటి చోట, పనివేళల్లో నవ్వు గొప్పదనం గురించి రాసేవాడు కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి. కష్టాన్ని జోకుతో మరిచిపోతున్నారు అని మురిసిపోవడం యాజమాన్యాలకు బాగుంటుంది. నేను చూసినంతలో ఎవరూ ఏమీ మరిచిపోరు. ఫిర్యాదుగా చెప్పలేనిది జోకుగా చెప్తారు, చెప్పి ఎదుటివాడి మొహం చూస్తారు. వాడూ నవ్వితే ఫిర్యాదు అందినట్టే.

పగలు ఒక ఉద్యోగం

మన కార్టూన్ చరిత్రంతా ఉద్యోగాల పక్క సందుల్లోనే నడిచింది. తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు గారు న్యాయవాది. ఆయన పుట్టిన 1906 మే 20ని గుర్తుపెట్టుకునే ఏటా మే 20న తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం జరుపుతారు. బాపు గారు చదివింది లా. ముళ్ళపూడి వెంకటరమణ గారితో కలిసి చేసిన ‘బుడుగు’ అంతా, పిల్లవాడు పెద్దవాళ్ళ మాటల్ని తిరగేసి మనకే వినిపించడం. పెద్దవాళ్ళు పట్టించుకోని మాటలే దానికి ముడిసరుకు. ఇక బాపు చేతిరాత సంగతి సరేసరి. కర్దనూర్‌లో పంచే పెళ్ళిపత్రిక మీద కూడా ఆ వంకరల అక్షరాలే ఉంటాయి, ఎవరివో తెలియకుండానే.

ఈ నేలకు ఇంకా దగ్గరి పేరు కలాల్ లక్ష్మాగౌడ్. 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివారు. ఆ తర్వాత హైదరాబాద్ దూరదర్శన్‌లో గ్రాఫిక్ ఆర్టిస్టుగా ఉద్యోగం. తర్వాత్తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు. 2016లో పద్మశ్రీ. ఆయన బలమంతా గీతలో ఉంది. సన్నటి పెన్ను గీత, దాని పక్కన ఇంకో గీత, కాసేపటికి అక్కడో మేక. ఆ మేకలూ, ఆ ముక్కుపుడకల ఆడవాళ్ళూ, ఆ తలపాగాల మగవాళ్ళూ మెదక్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. లండన్‌లో గోడకెక్కినా వాళ్ళ చూపులో ఊరి ఎకసెక్కం పోలేదు. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు 2014లో పోర్చుగల్ వాళ్ళ వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అన్నిటికంటే పెద్ద బహుమతి వచ్చింది. ముక్కును కాస్త సాగదీసి, గడ్డాన్ని కాస్త కుదించి మనిషిని పట్టుకునే ఈ విద్యకూ, రిజిస్టర్ వెనక పేజీలోని మీసాల మొహానికీ మధ్య ఉన్నది ఏళ్ళ సాధనే. జాతి ఒకటే.

ఇంతకీ, గీసినవాటిని నిజంగా దాచుకునేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు ఫ్యాక్టరీలో దొరకదు, ఇంట్లో ట్రంకుపెట్టెలో దొరుకుతుంది. ముగ్గుల నోటుబుక్కు. పాత డైరీలో కావచ్చు, పిల్లల లెక్కల పుస్తకంలో మిగిలిన పేజీల్లో కావచ్చు. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వరకు. వారపత్రిక సంక్రాంతి సంచిక నుంచి కత్తిరించి అంటించిన రంగుల ముగ్గు. నడుమన, కొలతకు లొంగని సొంత ముగ్గు ఒకటి, పక్కన ‘వదిన చెప్పింది, తప్పు’ అని రాత. వాకిట్లో వేసింది పొద్దెక్కేసరికి సైకిళ్ళ కింద పోతుందని వాళ్ళకు మొదటి నుంచీ తెలుసు, అందుకే నకలు ఉంచుకున్నారు. మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో నిలబడి పనిచేసే ఆడవాళ్ళు లైను ఆగినప్పుడు అట్టపెట్టె మీద వేళ్ళతో చుక్కలు లెక్కపెట్టుకోవడం ఈ అలవాటు చలవే. మగవాళ్ళు తమ గీతలకు ఈమాత్రం మర్యాద ఇవ్వలేదు. విశాఖపట్నంలో పోలియోతో నడవడం కష్టమైన రాగతి పండరి గారు తొలి తెలుగు మహిళా కార్టూనిస్టుగా పేరు తెచ్చుకుని, 2015లో పోయేదాకా గీస్తూనే ఉన్నారు. ఆమె తర్వాత ఆ వరసలో చాలా పేర్లు చెప్పలేకపోవడం మన పత్రికల తప్పు. ట్రంకుపెట్టెల్లో సరుకు లేక కాదు.

రిజిస్టర్ల సంగతి ఇంకో రకం. ఆడిట్ అయ్యేదాకా బీరువాలో తాళం వేసి ఉంటాయి, అయ్యాక చిత్తుకాగితాల లెక్కన తూకానికి పోతాయి. చాలాచోట్ల ఇప్పుడు రిజిస్టరే లేదు. కంప్యూటర్లో నంబరు కొడితే గేటు లేస్తుంది, దానికి చివరి పేజీ ఉండదు. ఎదురుచూసే మనిషి చేతిలోకి పెన్ను బదులు ఫోన్ వచ్చింది. ఫోన్‌లో జోకులు లేవా అంటే కుప్పలు. కానీ అవి ఎవరి గేటువో, ఎవరి సారువో. అందిన జోకును అలాగే ముందుకు తోసేవాడు మూడో మనిషి చేయాల్సిన పని చేయడం లేదు. తన గేట్‌పాస్‌ను అందులో కలపడం లేదు. వాట్సాప్‌లో తమ సూపర్‌వైజర్ ఫొటోకు మీసాలు అతికించి స్టిక్కర్ చేసే కుర్రాళ్ళున్నారు. వాళ్ళ మీద నాకు ఆశ ఉంది.

ఫోన్ ఇంకా పూర్తిగా గెలవని చోటు ఒకటుంది, లారీ వెనక తలుపు. ముందు అద్దం మీద దేవుడు, వెనక బంపర్ మీద ‘నన్ను చూసి ఏడవకు’. ఇది పెయింటర్ రాసింది, డబ్బులిచ్చి రాయించింది. దాని పైన, క్రషర్ల దుమ్ము పట్టిన తలుపు మీద, డబ్బులివ్వని సాహిత్యం నడుస్తుంది. ఒక గేటు దగ్గర ఎవరో వేలితో ‘నన్ను కడుగు’ అని రాస్తారు. తర్వాతి గేటు దగ్గర ఆగినప్పుడు దాని కింద ఇంకొకరు: ‘ఆగు, వానొస్తది’. లారీ ఇంకో గేటుకు చేరుతుంది. అక్కడ మూడో వేలు: ‘ఏ సంవత్సరం?’ డ్రైవర్ దిగి వెనక్కి వచ్చి, చదివి, నవ్వి, తలుపు కడగకుండానే తాళం వేసి ఇంకో లోడుకు పోతాడు, నాలుగో వాడు ఏం రాస్తాడో చూద్దామని.